ఉకులెలె శబ్దవిచారము

నాలుగు తంత్రులు గలిగి, ఒడిలో నిముడునంతటి చిన్న దారువాద్యమొకటి నేఁడు లోకమంతటను వ్యాపించియున్నది. ఆంగ్లభాషీయులు దానిని "యూకలేలి" యందురు. దానికిఁ బుట్టినిల్లైన హవాయి ద్వీపములవారు "ఉకులెలె" యందురు. తెలుఁగు వ్రాఁతలలో నీ రెండును గలసి "యుకులేలే" యను మూఁడవ రూపమును గానవచ్చుచున్నది. వీనిలో నేది సాధువు, ఏది యసాధువు అను ప్రశ్న పైకి స్వల్పముగఁ దోఁచును. పరదేశపు వాద్యము పేరు నెట్లు పలికిన నేమి యని కొంద ఱుపేక్షింపవచ్చును. కాని విచారించిన కొలఁది నీ యొక్క పదమునందే ఒక వర్ణము చరిత్రయు, అది లిపి కెక్కకపోవుటచే నర్థమునకుఁ గలిగిన సందేహమును, ఆ భాషకే వాటిల్లిన యాపదయు నిమిడియున్నట్లు తెలియఁగలదు. పదాదియందుఁ బలుకవలసినది ఉకారమా, యూకారమా యనునది చిన్న ప్రశ్న. ఆ యుకారమునకు ముందు వినఁబడవలసి, రెంటిలోను వ్రాయఁబడని హల్లొకటి కలదు. పెద్ద ప్రశ్న దానిని గూర్చినది.

వాద్యము వచ్చిన తెఱఁగు

హవాయి ద్వీపములు పసిఫిక్ మహాసముద్రమధ్యమున నున్నవి. 19వ శతాబ్దపు టుత్తరార్ధమున నచటఁ జెఱకుతోఁటలు విస్తరిల్లెను. స్వదేశజనము రోగములచే క్షీణించియుండుటవలనఁ దోఁటపనికిఁ జాలినవారు లేక, దూరదేశములనుండి కూలివారిని రప్పించిరి. ఆ శతాబ్దముననే తెలుఁగుసీమనుండియుఁ బెక్కుమంది మారిషసు, నేటాలు దేశముల చెఱకుతోఁటలకుఁ బోయిరి. హవాయికి వచ్చినవారిలోఁ జీనావారు, జపానువారు, పోర్చుగీసువారు ముఖ్యులు. అట్లాంటిక్ మహాసముద్రమందలి మదైర ద్వీపము పోర్చుగీసువారిది. అచటనుండి బయలుదేఱిన "రేవెన్స్‌క్రాగ్" అను నోడ సుమారు నాలుగు మాసములు ప్రయాణముచేసి 1879 ఆగష్టులో హొనొలులు రేవు చేరెను. అందు 400 మందికిఁ బైఁగా వలసవారుండిరి. వారిలో మానుయెల్ నూనెస్, ఆగస్తొ డియాస్, జోసె దొ ఎస్పిరితొ సాంతొ అను మువ్వురు పెట్టెలు, బల్లలు చేయుటలో నేర్పరులగు వడ్రంగులు. జోవావ్ ఫెర్నాండెస్ అనువాఁడు గాయకుఁడు. ఓడ దిగినంతనే యతఁడు రేవునందే వాద్యము మీటి పాడెనని ప్రతీతి. సెప్టెంబరు మొదటనే హొనొలులు పత్రికయొకటి, మదైరవారు రాత్రివేళల వీథులలో గానము చేయుచుఁ బ్రజల నానందపఱచుచున్నారని ప్రకటించినది.

వారు తెచ్చిన వాద్యములు రెండు. ఒకటి నాలుగు తంత్రుల "బ్రగిన్య". దానినే "మషెటె" యనియు నందురు. రెండవది యైదు తంత్రుల "రజావ్". తోఁటలలోని యొడంబడిక గడువు తీఱినపిదప నా మువ్వురును హొనొలులులో నంగళ్లు పెట్టుకొని వాద్యనిర్మాణమునకుఁ బూనుకొనిరి. బ్రగిన్యనుండి పరిమాణమును, తంత్రుల సంఖ్యను గ్రహించిరి. రజావ్ నుండి శ్రుతి గ్రహింపఁబడినది. హవాయి యడవులలో దొరకు "కొఅ" యను కొయ్య దేహమైనది. ఆ శ్రుతిక్రమమును మనవారి పరిభాషలోఁ జెప్పవలెనన్న, పంచమ షడ్జ గాంధార ధైవతములు నాలుగు తంత్రులపై వరుసగా నిలుచును. అందు మొదటి తంత్రియగు పంచమము మంద్రస్థాయిది కాక, షడ్జముపైనుండు పంచమమే యగుట విశేషము. పైనుండి క్రిందికి మీటినపుడు స్వరములు క్రమముగా నెక్కక, మొదటనే పైనుండి దిగి మరల నెక్కును. ఈ వాద్యమునకుఁ గల గెంతుధ్వని యిందువలనఁ గలిగినదే.

ఇట్లు మదైర కొలువు, హవాయి కొయ్య కలసి క్రొత్త వాద్యమైనది. దానికి రాజాదరణము లభించెను. 1874 మొదలు 1891 వఱకు రాజ్యమేలిన కలాకఉఅ రాజు సంగీతప్రియుఁడు. క్రైస్తవ మతబోధకుల ప్రేరణముచే 1830లో బహిరంగ ప్రదర్శనము నిషేధింపఁబడిన హులా నృత్యమును 1883లోఁ దన పట్టాభిషేకోత్సవమందును, 1886లోఁ దన యేఁబదవ జన్మదినోత్సవమందును మరలఁ బ్రతిష్ఠించినవాఁ డాయనయే. హులాతోఁ గూడి యీ చిన్న వాద్యమును రాజసభ కెక్కెను. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన పనామా పసిఫిక్ మహాప్రదర్శనమున హవాయి సంగీతమును విని యమెరికావారు మోహితులైరి. అటుపిమ్మట వాద్యమును, దానితోఁ బేరును లోకమున వ్యాపించెను. ఇరువదవ శతాబ్దమున భారతదేశమునఁ బ్రసిద్ధికెక్కిన హవాయి గిటారు దీనికంటె వేఱు. అది లోహఖండముతోఁ దంత్రుల నొత్తి వాయించునది.

నామవ్యుత్పత్తులు

వాద్యము వచ్చిన కాలము స్పష్టముగఁ దెలిసినను, పేరు పుట్టిన తెఱఁగునఁ బలు మతములు గలవు. వానిలో ముఖ్యములు నాలుగు.

మొదటిది ప్రసిద్ధమైనది. హవాయి భాషలో "ఉకు" యనఁగాఁ బేను, "లెలె" యనఁగా దూఁకుట, ఎగురుట. రెండును గూడి "గంతులువేయు పేను" అను నర్థమగును. వాదకుని వ్రేళ్లు తంత్రులపై నటు నిటు దూఁకుటఁ జూచి యీ పేరు పెట్టిరని యందురు. రెండవ మతముచే నిది మొదట నొక మనుష్యుని యుపనామము. ఎడ్వర్డ్ పర్విస్ అను నాంగ్లేయుఁడు కలాకఉఅ రాజు కొలువులో నుద్యోగి. అతఁడు పొట్టివాఁడు, చుఱుకైనవాఁడు, ఈ వాద్యమున నేర్పుగలవాఁడు. జను లతనికిఁ బెట్టిన ముద్దుపేరే వాద్యమునకు సంక్రమించెనందురు. మూఁడవది లిలి‘ఉఒకలని రాణి చెప్పినది. ఆమె కలాకఉఅ రాజునకుఁ జెల్లెలు, హవాయి రాజ్యమునకుఁ దుది రాణి, గేయకర్త్రి. "ఉకు" యనఁగా నిచ్చునది, ప్రతిఫలము, కానుక. "లెలె" యనఁగా వచ్చుట. కావున "ఇచటికి వచ్చిన కానుక" యని యామె వివరించెను. నాలుగవ మతము హవాయివారి ప్రాచీనవాద్యమగు "ఊకేకే"నుండి పుట్టినదనును. అది విల్లువలె వంగిన కఱ్ఱకు రెండు మూఁడు తంత్రులు గట్టి నోటియొద్ద నుంచుకొని మీటునది. "ఎగురు ఊకేకే" యనుటయే మాఱి యీ పదమైనదని యీ పక్షము.

ఈ నాలుగింటిలో మొదటిదానికిని మూఁడవదానికిని గల భేదము వ్యాకర్త కత్యంతము ముఖ్యమైనది. రెండింటను "లెలె" యొక్కటే. "ఉకు" మాత్రము వేఱు. పేనను నర్థము గలదియుఁ, గానుకయను నర్థము గలదియు వ్రాఁతలో నొక్కటిగఁ గనఁబడినను, హవాయివారి నోట నవి రెండు పదములు. భేదమంతయుఁ బదాదియందలి యొక హల్లులో నున్నది.

కంఠస్పర్శము

హవాయి భాషయు నాంధ్రమువలె నజంతభాష. పదము లన్నియు నచ్చుతో ముగియును. తెలుఁగునఁ బదమధ్యమున సంయుక్తాక్షరములును, ద్విత్వములును గలవు. హవాయి భాషలో నవియును లేవు. ప్రతి యక్షరము నొక్క యచ్చుగాని, ఒక్క హల్లును దానిపై నచ్చునుగాని యగును. అ, ఇ, ఉ, ఎ, ఒ అను నైదచ్చులకు హ్రస్వదీర్ఘభేదము గలదు. హల్లులు ఎనిమిదే. అందు హ, క, ల, మ, న, ప, వ అను నేడును మన కెఱుకైనవే. ఎనిమిదవదానికి మనలిపిలో నక్షరము లేదు. దానిని హవాయివారు "‘ఒకిన" యందురు. "‘ఒకి" యనఁగాఁ గోయుట, త్రెంచుట. దానిపై "న" యను ప్రత్యయము చేరఁగా ‘ఒకిన యగును. త్రెంపు అని యర్థము. అవసరమైనచోట నది యిందు ‘ అను గుర్తుచేఁ జూపఁబడినది.

ఈ వర్ణము పుట్టు విధము శిక్షాశాస్త్రజ్ఞులకు సులభముగ బోధపడును. హకారము పలుకునపుడు గళబిలము తెఱవఁబడి, వాయువు తడవులేక వెలువడును. ‘ఒకిన పలుకునపుడా గళబిలమే యొక్క క్షణము గట్టిగ మూయఁబడి, పిదప విడివడును. స్థాన మొక్కటియే, ప్రయత్నము వేఱు. కకారము జిహ్వామూలమున స్పర్శము; ఇది గళబిలమందే స్పర్శము. కావున దీనికిఁ గంఠస్పర్శమను పేరు తగును. తెలుఁగున నిది వర్ణముగ లేకున్నను ధ్వనిగ లేకపోలేదు. పసిబిడ్డ నిప్పు ముట్టఁబోవునపుడు తల్లి "అ! అ!" యని వారించును. ఆ రెండకారముల నడుమ గొంతు మూసికొని తెఱచుకొనునది యీ ధ్వనియే. మనకది వారింపు మాత్రమే. వారి కది కకారమువలె, మకారమువలె నర్థభేదకమగు వర్ణము.

నిదర్శనము: "మొఅ" యనఁగాఁ గోడి, "మొ‘అ" యనఁగా నుడికినది. "కొఉ" యనఁగా నీది, "కొ‘ఉ" యనఁగా నాది. కంఠస్పర్శము లోపించిన నాది నీదియగును. తెలుఁగువాఁడు సహజముగ నచ్చునకుఁ బరమం దచ్చు వచ్చినపుడు సంధిచేయును, లేదా యడాగమము తెచ్చును. హవాయి యని మనము వ్రాయునది వారి నోట "హవఇ‘ఇ". కడపటి రెండికారముల నడుమ సంధియు లేదు, యకారమును లేదు. అది ప్రగృహ్యమువంటిదని తలఁపరాదు. ప్రగృహ్యమున సంధి నిషిద్ధము; ఇచట సంధికిఁ బ్రసక్తియే లేదు. ఏలయన, రెండచ్చుల నడుమ నిజముగ నొక హల్లున్నది.

వాద్యనామమున నీ హల్లు పదాదిని నిలిచినది. వాక్యారంభమున దాని నెఱుఁగుట కష్టము. ఏ భాషలోనైనను పదాద్యచ్చును గట్టిగఁ బలికినపుడు గొంతు కొంత బిగియుట సహజము. కాని "క" యను నుపపదము ముందు చేర్పఁగా భేదము చెవికిఁ దెలియును. "క ఉకు" యనునపుడు అకార ఉకారములు కలసిపోవును, అది ప్రతిఫలము. "క ‘ఉకు" యనునపుడు నడుమ గొంతు తెగును, అది పేను. వాద్యమునకు హవాయివా రనునది "క ‘ఉకులెలె". వాడుకయే రాణిగారి వ్యుత్పత్తికంటె మొదటి వ్యుత్పత్తికి సాక్ష్యమిచ్చుచున్నది.

‘ఉకు, కుతు

పేనను పదము హవాయివారిది మాత్రమే కాదు. న్యూజీలాండునందలి మావోరీ భాషలోఁ బేను "కుతు". టోంగా భాషలోను "కుతు". సమోవా, తాహితి భాషలలో "‘ఉతు". దూరమున నున్న మలయభాషలోను "కుతు"యే. ఈ భాషలన్నియు నొక్క మూలమునుండి పుట్టిన సోదరభాషలు. మూలరూపమగు "కుతు" హవాయిలో "‘ఉకు" అగుట కాకతాళీయము కాదు, నియతమైన రెండు విధుల ఫలము. కకారమునకుఁ గంఠస్పర్శ మాదేశమగును. తకారమునకుఁ గకార మాదేశమగును. మావోరీలో చేఁప "ఇక", హవాయిలో "ఇ‘అ". అచట పడవ "వక", ఇచట "వ‘అ". అచట నిషిద్ధము "తపు", ఇచట "కపు". మావోరీల పూర్వగాథలలోని పితృభూమి "హవఇకి". ఇచటి ద్వీపము "హవఇ‘ఇ".

ఈ రెండు విధులకుఁ బౌర్వాపర్యమును గలదు. తకారము ముందుగాఁ గకారమైయున్నచో "కుతు" "కుకు"యై, పిదప రెండు కకారములును గంఠస్పర్శములై "‘ఉ‘ఉ" యని నిలువవలెను. అట్లు కానరాదు. కావునఁ గకారము కంఠస్పర్శమగుటయే పూర్వము, తకారము కకారమగుట పరము. పరవిధి ఫలమగు క్రొత్త కకారము పూర్వవిధికి లోఁబడలేదు. పాణినీయము నెఱిఁగినవారి కీ న్యాయము క్రొత్తది కాదు. తకారము మాఱుట యర్వాచీనమనుటకు వేఱొక సాక్ష్యమును గలదు. 19వ శతాబ్దారంభమున వచ్చిన విదేశీయులు కమెహమెహ రాజు పేరును "తమెహమెహ" యని వ్రాసిరి. ని‘ఇహఉ ద్వీపవాసుల పలుకుబడిలోఁ దకారము నేఁటికిని వినవచ్చును.

ఇచట సంస్కృతజ్ఞుని మోసపుచ్చు పోలికయొకటి కలదు. సంస్కృతమునఁ బేనునకు "యూకా" యని పేరు. ఆంగ్లేయుల నోట వాద్యము పేరు "యూక"తో నారంభమగును. అర్థమును పేనే. ఈ రెంటిని జూచి "యూకలేలి" రూపము సంస్కృతమూలకమనియు, నదియే సాధువనియు వాదింప నుత్సాహము గలుగవచ్చును. అది నిలువదు. ఆంగ్లరూపమందలి యకారము హవాయిలో నెన్నఁడును లేదు. హవాయి పదమందున్నది పూర్వకకారపు శేషము. ధ్వనిసామ్యము నర్థసామ్యమును దైవికముగఁ గలియవచ్చును. వర్ణముల మార్పునకు నియమము చూపనిది నిరుక్తి కాఁజాలదు.

వ్యుత్పత్తుల విషయమున నింకొక్క మాట. "ఉకులెలె" యనుపదము వాద్యము రాకపూర్వమే హవాయి భాషలోఁ గలదు. 1865లో వెలువడిన లారిన్ ఆండ్రూస్ నిఘంటువున నది దూఁకు పురుగు పేరుగఁ గలదు. కావున నీ సమాసము వాద్యముకొఱకుఁ గల్పింపఁబడినది కాదు. ఉన్న పదమే వాద్యమునకుఁ బెట్టఁబడినది. వ్రేళ్ల గంతులఁ జూచి పెట్టిరో, పర్విసుని చుఱుకుఁదనముఁ జూచి పెట్టిరో, పదము మాత్రము పురుగుపేరే. రాణిగారి వివరణమును నిరర్థకమని త్రోసివేయరాదు. "లెలె"కుఁ బడవనుండి దిగుట యను నర్థమును గలదు. ఓడ దిగి వచ్చిన వాద్యమునకుఁ బురుగుపేరు మాన్పి గౌరవార్థమును గల్పించిన చమత్కార మది. వ్యుత్పత్తి వేఱు, అర్థవాదము వేఱు.

లిపిలోని లోపము

ఇంతటి ముఖ్యవర్ణము వ్రాఁతలో నేల లోపించినది? 1820లో నమెరికానుండి వచ్చిన క్రైస్తవ మతబోధకులు హవాయి భాషకు రోమకలిపి నేర్పఱచిరి. 1822లో మొదటి ముద్రణము జరిగెను. ర ల, త క, ప బ వంటి వర్ణములలో నేది నిలుపవలెనో తెలియక కొంతకాలము తడఁబడి, 1826లోఁ బరస్పరము సమ్మతులు గైకొని వర్ణమాలను బండ్రెండక్షరములకుఁ గుదించిరి. అందైదచ్చులు, ఏడు హల్లులు. తకార రేఫముల విషయమున నంత చర్చించినవారు కంఠస్పర్శమును హల్లుగ గణింపరైరి. వారి మాతృభాషలో నది వర్ణము కాదు. కావున చెవి కెక్కినను లెక్క కెక్కలేదు. "నాది", "నీది" యను పదములలో భ్రాంతి తప్పించుటకు మాత్ర మొక గుర్తు వాడిరి. అచ్చుల దీర్ఘమును సాధారణముగ వ్రాయలేదు.

ఆ భాష నింటిలో నేర్చినవారి కీ లోపము బాధింపలేదు. అచిరకాలముననే హవాయి ప్రజలలో నక్షరాస్యత విస్తరించెను. 1834 మొదలు వారి భాషలోఁ బత్రికలు వెలువడెను. పలుకు నెఱిఁగినవాఁడు వ్రాఁతలోని కొఱఁత నర్థబలముచేఁ బూరించుకొనును. తెలుఁగున "ఏడు" సంఖ్య, "ఏఁడు" సంవత్సరము. "వేరు" చెట్టుది, "వేఱు" భిన్నము. అరసున్నను, శకటరేఫమును విడిచి వ్రాసినను దెలుఁగువాఁడు సందర్భమునుబట్టి గ్రహించును. కాని వ్రాఁతనుండియే భాష నేర్చువానికి విడిచిన గుర్తు లేని వర్ణమే యగును.

ఉకులెలె విషయమున నదియే జరిగినది. 1915 పిమ్మట నీ పేరును జెవితో విన్నవారికంటెఁ గాగితముమీఁదఁ జదివినవారు పెక్కండ్రైరి. ఆంగ్లమున ఉకారాక్షరమునకుఁ బేరే "యూ". "యూనియన్" మొదలగు పదములలోఁ బదాదిని దాని నట్లే పలుకుదురు. ఆ యలవాటుచేత "ఉ" "యూ" యైనది. ఊనిక లేని రెండవ యక్షరము సడలి "క" యైనది. ఊనికగల "లె" సాఁగి "లే" యైనది. కడపటి ఎకారము "ఇ" యైనది. కంఠస్పర్శము వ్రాఁతలోనే లేదు గావున దాని లోపము నెవ్వరు నెఱుఁగరైరి.

భాషకు వచ్చిన యాపద

1893 జనవరిలో లిలి‘ఉఒకలని రాణి పదచ్యుతురాలయ్యెను. పిమ్మట నేర్పడిన ప్రభుత్వము 1896లోఁ బాఠశాలలయందు బోధన మాంగ్లముననే జరుగవలెనని శాసించెను. 1898లో ద్వీపములు అమెరికా సంయుక్తరాష్ట్రములలోఁ గలిసెను. పాఠశాలలో స్వభాష పలికిన బాలురు దండింపఁబడిరి. రెండు మూఁడు తరములలో నింటిలోను బలుకు సన్నగిల్లెను. అంతవఱకు లిపిలోని కొఱఁతను బూరించుచుండినది జనుల నోరు. నోరు మూఁతవడఁగా వ్రాఁతయొక్కటే మిగిలెను. ఆ వ్రాఁతలోఁ గంఠస్పర్శము లేదు, దీర్ఘము లేదు. కోడియు, నుడికినదియు, నాదియు, నీదియుఁ దెలియని స్థితి యేర్పడినది. వాద్యము లోకమంతయు గెలిచిన యేండ్లలోనే దాని పేరు పుట్టిన భాష స్వగృహమున నోడుచుండెను.

మేరీ కవేన పుకుఇ, శామ్యూల్ ఎల్బర్ట్ అను నిరువురు పండితులు 1957లోఁ బ్రకటించిన నిఘంటువున ‘ఒకినను, దీర్ఘచిహ్నమును బ్రతి పదమునకును నియతముగ వాడిరి. పుకుఇ యా భాష నింట నేర్చినది, ఎల్బర్ట్ భాషాశాస్త్రజ్ఞుఁడు. చెవియు శాస్త్రమును గలిసి, నూఱేండ్లకుఁ బైఁగా లెక్కకు రాని హల్లును లెక్కకుఁ దెచ్చినవి. 1978లో రాష్ట్రపు రాజ్యాంగసవరణమువలన హవాయి భాష రెండు రాజభాషలలో నొకటి యయ్యెను. 1984లో కౌఅ‘ఇ ద్వీపమున స్వభాషలోనే శిశువులకు బోధించు మొదటి "పూనన లెఒ" పాఠశాల వెలసినది. పలుకుగూఁడు అని దాని యర్థము. ఆ శిశువులకు ‘ఒకిన వర్ణమాలలో నొక యక్షరము.

సిద్ధాంతము

దీనివలనఁ దేలునది యిది. ఆంగ్లభాషలో "యూకలేలి" యనుట యా భాషీయుల రూఢి. వారి భాషకు వారే ప్రమాణము. తెలుఁగున నా రూపము ననుసరింప నవసరము లేదు. మన లిపి హవాయి రూపమున కింకను సమీపమున నున్నది. దేవనాగరిలో సంస్కృతానుసారముగ హ్రస్వ ఎకారము లేదు, తెలుఁగునఁ గలదు. అజంతత్వము మనకు సహజము. కావున "ఉకులెలె" యని వ్రాయుట యుక్తము. ఛందోదృష్టిచే నిది నాలుగు లఘువులు గల నలము. "యూకలేలి" రెండు హగణములు. మాత్రయే మాఱినపుడు రూపము మాఱలేదనుట పొసఁగదు. ఊనిక మొదటి మూఁడవ యక్షరములపై నుండవలెను. ఊఁది పలికినను "లె" దీర్ఘము కారాదు.

"యుకులేలే" యను మిశ్రరూపము మాత్రము రెండుభాషలకును జెందక నిలిచినది. అందలి యకార మాంగ్లేయులది, కడపటి ఎకారము హవాయివారిది, దాని దీర్ఘ మిరువురిదియుఁ గాదు.

కంఠస్పర్శమునకుఁ దెలుఁగున నక్షరము కల్పింప నక్కఱలేదు. నిఘంటువులలోను, శబ్దచర్చలలోను ఒక గుర్తుచే దానిఁ జూపిన చాలును. పాఠశాలలో నీ పదము చెప్పు నుపాధ్యాయుఁడు ఒకమాఱు గొంతు బిగించి పలికి, యిది పూర్వమొక కకారమని విద్యార్థులకుఁ జెప్పవచ్చును. లిపి కెక్కని వర్ణము నోట నున్నంతకాలమే బ్రదుకును. అది నోటనుండియుఁ దొలఁగినప్పుడు పేనునకును గానుకకును భేదము తెలుపువారుండరు.